ఎర్రగడ్డ వాసన

తిరుపతి. పొద్దున ఆరున్నర.
కొండ మీద దీపాలింకా ఆర్పలేదు.
కరెంటు గదిలో
(వార్డుబాయి పెట్టిన పేరది, మేమెవరం మార్చలేకపోయాం)
ట్రేలో నా ముందు మూడు సీసాలు.

పాలలా ఉన్నది ప్రొపోఫాల్.
మెత్తగా పడుకోబెడుతుంది, మెత్తగా లేపుతుంది,
మనకి కావాల్సిన మూర్ఛను కూడా జోకొట్టేస్తుంది.
పోయిన సోమవారం పద్దెనిమిదే సెకన్లు. చాల్లేదు.
కెటమిన్ అంటే,
లేని గొంతులు వినేవాడికి
లేని రంగులు కూడా చూపిస్తుందేమోనని జంకు.
ఇక మిగిలింది థయోపెంటాల్, పసుప్పచ్చ పొడి,
నీళ్ళు పోసి కలుపుకోవాలి.

మనిషి నిద్రపోవాలి, మూర్ఛ మేలుకోవాలి.
ఈ రెంటి మధ్య నా జీతం.

బయట బెంచీ మీద చెంగల్రాయుడు,
నగరి, మరమగ్గాల షెడ్డు, ముప్పై నాలుగేళ్ళు.
మగ్గం చప్పుడులో మొదలైందట ఆ గొంతు.
ఓనరు మగ్గం ఆపేశాడు. గొంతు ఆగలేదు.

"రాత్రినించి నీళ్ళు గూడా ముట్టలేదు మేడం,"
అంది అక్క మునెమ్మ. తర్వాత మెల్లిగా,
"మీ మందుకి వీడొక్కడే నిద్రబోతాడా,
వాడు గూడానా?"
కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టే నాకు
ఆ వాడి బరువెంతో ఎవరూ చెప్పలేదు.

కేసు షీటు తిరగేశాను.
రెండో విడత తర్వాత, ఎవరో హౌస్ సర్జన్ గుండ్రటి రాత:
"ఎర్రగడ్డ వాసన వచ్చిందంటున్నాడు. భ్రాంతి. కొత్త లక్షణం."
కింద రెండు గీతలు.
ఆ రాత్రినుంచి ఒక మాత్ర ఎక్కువ.

ఆ రోజు ఇచ్చిన మత్తేమిటి?
థయోపెంటాల్.
అది నరంలోకి దిగుతుంటే
నాలుక వెనక ఎర్రగడ్డ, కొందరికి తెల్లగడ్డ.
మొదటి ఏడాది పీజీకి కూడా తెలిసిన సంగతి.
హెర్నియాకి వచ్చిన గుమాస్తా చెబితే నవ్వి ఊరుకుంటాం.
చెంగల్రాయుడు చెబితే రాసుకున్నాం.

హైదరాబాదులో ఎర్రగడ్డంటే పిచ్చాసుపత్రి.
మా చిత్తూరోళ్ళకి సంగటిలోకి కొరుక్కునేది.

పెన్ను తీసి కొట్టేశాను.
"వాసన నిజం. మందుది."
సంతకం, తేదీ.
మాత్ర సంగతి సైకియాట్రీ వాళ్ళతో తేల్చుకోవాలి,
అదింకో తగువు.

బల్ల మీద పడుకున్నాక చెవి దగ్గరికి వంగాను.
"ఇప్పుడు ఎర్రగడ్డ వాసన వస్తాది.
పంపించేది నేను. ఇంకెవరూ కాదు."
చాలాసేపు నా మాస్కు వైపు చూశాడు.
"అయితే నాకు తిక్క లేదా?"
"ఇందులో లేదు."
అంతకు మించి చెప్పే ధైర్యం చాల్లేదు.

పొడి కలిపాను, ఆనాటికన్నా కాస్త తక్కువ.
సూది సగం దిగేసరికి
"వచ్చింది," అన్నాడు,
బస్సు వచ్చిందన్నట్టు.

కుడి కాలికి బీపీ పట్టీ బిగించి
కండరాలు వదులయ్యే మందు ఎక్కించాం.
ఇది లేని రోజుల్లో ఎముకలు విరిగేవట;
ఇక్కణ్ణించి నేరుగా పుత్తూరు కట్టుకు
బండి మాట్లాడాల్సొచ్చేదేమో.
ఇప్పుడు ఒళ్ళంతా ఊరకుంది.
పట్టీ కాపాడిన ఆ ఒక్క పాదం మాత్రం
వాళ్ళ తాత గుంటమగ్గం తొక్కినట్టు
తొక్కింది, తొక్కింది,
నలభై నాలుగు దగ్గర ఆగింది.

పావుగంటకి కళ్ళు తెరిచాడు.
ఊరి పేరు తడుముకున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.
వాసన సంగతి అడిగితే, ఏం వాసన, అన్నాడు.

నాకేం తోచిందో,
ఖాళీ సీసా తెచ్చి మునెమ్మ ముక్కు దగ్గర పెట్టాను.
పైటకొంగు తొలగించి గట్టిగా పీల్చింది.
"ఎర్రగడ్డ యాడిది మేడం?
ఇది తెల్లగడ్డ గదా."

తమ్ముడి వైపు చాపింది.
వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.
"ఎర్రగడ్డే," అన్నాడు,
"నీకు తెలీదు, ఊరుకో."